సముద్రానికి చాట పట్టిన లచ్చవ్వ

జనగామ వడ్ల మార్కెట్ యార్డులో గాలి ఎటు నుంచి వీస్తుందో తెలుసుకోవాలంటే ఎవరూ ఆకాశం వైపు చూడరు, లచ్చవ్వ చెవుల వైపు చూస్తారు. గాలి వచ్చే పక్క చెవిని ఆమె కొంగుతో కప్పుకుంటుంది. ఏ చెవి కనబడకపోతే గాలి ఆ పక్కది. నలభై రెండేళ్ళలో ఈ గుర్తు ఒక్కసారే తప్పింది. ఆ రోజు ఆమెకు చెవిపోటు. యార్డులో సగం మంది ఫ్యాన్లను తప్పు దిక్కుకు తిప్పుకుని, తాలంతా తమ నెత్తిన తామే పోసుకున్నారు.

లచ్చవ్వ పుట్టిల్లు లింగాల ఘనపూర్. వీరయ్యను చేసుకుని మా వాడకట్టుకు వచ్చింది. వీరయ్య హమాలీ. బస్తాలు మోసి మోసి మెడ ముందుకు వంగి, ఇప్పుడు ఊరికే నడిచినా వీపు మీద బస్తా ఉన్నట్టే నడుస్తాడు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య గోడ నా భుజమంత ఎత్తు. కాబట్టి ఆ ఇంట్లో ఏం జరిగినా నాకు తెలియకుండా ఉండటం కష్టం. తెలియకుండా నేను ఉండనివ్వను కూడా.

ఆమె పని చెప్పడానికి సులువు, చేయడానికి కాదు. చాటను నెత్తి కంటే ఎత్తుకు లేపి, అంచు మీంచి వడ్లను సన్నని ధారగా వదలాలి. పక్కనుంచి ఫ్యాను గాలి కొడుతుంది. గట్టి గింజ ఫ్యానుకు దగ్గర్లోనే కుప్పగా పడుతుంది, గింజ లేని తాలు దూరం పోతుంది. ఆ ధార ఒక్కచోట లావైనా, ఒక్కసారి తెగినా గింజా తాలూ మళ్ళీ కలిసిపోతాయి. లచ్చవ్వ ధార తెగదు. కరెంటు ఫ్యాన్లు వచ్చిన కొత్తలో ఇక చాట ఆడవాళ్ళ పని అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. ఫ్యాను గాలినిస్తుంది గానీ చెయ్యినివ్వదని నెల తిరగకముందే తెలిసింది.

మా యార్డులో ఒక కట్టుబాటు ఉంది. ఫ్యాను ఆగాక చివర మిగిలిన తాలు, ఆ ఫ్యాను ఎవరిదైతే వాళ్ళది. ఒకరు అడిగేది లేదు, ఒకరు ఇచ్చేది లేదు, ఫ్యాను ఆగితే చాలు. మా వాడకట్టులో ఇది అన్నిటికీ పాకింది. పెళ్ళిలో గంగాళం ఎవరిదైతే అడుగున మిగిలిన పులిహోర వాళ్ళది. ఈ కట్టుబాటే మొన్న ఎండాకాలం ఒక సముద్రాన్ని తీసుకెళ్ళి బర్రె నోట్లో పోసింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

లచ్చవ్వ కొడుకు బిడ్డ శ్వేత సముద్రం ఒడ్డున ఒక పరిశోధన సంస్థలో చదువుతుంది. ఏప్రిల్‌లో టైఫాయిడ్ వచ్చి నెల సెలవు మీద ఇంటికి వచ్చింది. జ్వరం తగ్గినా పిల్ల ముఖంలో కళ రాలేదు. పొద్దస్తమానం వేపచెట్టు నీడలో మంచమేసుకుని లాప్‌టాప్‌లో ఒక గీతను చూస్తూ కూర్చునేది. ఆ గీత పైకి పోతుంది, కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి పోతుంది. నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఐదో రోజు గోడ దగ్గరికి పీట వేసుకున్నాను.

"ఏం బిడ్డా, ఎవరి గుండె పరీక్ష అది? ఎక్కి దిగుతాంది?"

"గుండె కాదు పెద్దమ్మా, సముద్రం."

"సముద్రానికి కూడా పరీక్షలు చేస్తున్నరా?"

శ్వేత నవ్వింది. జ్వరం తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అది. నాకు ఆసరా దొరికింది, ఇక వదల్లేదు. గంటసేపు అడిగితే తేలింది ఇది. సముద్రంలో నీళ్ళు అలలుగా ఊగడమే కాదు, పై నీళ్ళు ఒక దిక్కుకు పోతుంటే అడుగు నీళ్ళు ఇంకో దిక్కుకు వస్తుంటాయి. పైదీ కిందిదీ కలిపి చూస్తే నీళ్ళు బోర్లిపడి తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ తిరుగుడు వల్లే వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరుతుంది, వానల సంగతి కూడా కొంత దాని చేతిలోనే ఉంది. అడుగుకు లంగరు వేసి, పొడుగాటి తాడుకు యంత్రాలు కట్టి, ఆ నీళ్ళు ఎంత పోతున్నాయో ఎంత వస్తున్నాయో కొలుస్తారు. శ్వేత గీత అదే. వారం వారం, నెల నెలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎందుకు ఎక్కుతుంది, ఎందుకు దిగుతుంది అనేదే ఆమె చదువు.

"మరి ఎందుకు?" అన్నాను.

"గాలి పెద్దమ్మా."

"అంతేనా? గంత చిన్న ముచ్చటకు గిన్నేండ్లు చదవాల్నా?"

పిల్ల ముఖం మళ్ళీ వాడిపోయింది. అప్పుడు చెప్పింది అసలు బాధ. ఫిబ్రవరిలో ఆమె చదువును పరీక్షించే కమిటీ వాళ్ళు ఫోన్ తెరల మీదే మీటింగ్ పెట్టారు. అందులో ఒక తెల్లగడ్డం పెద్దాయన తెలుగులోనే అడిగాడట. గాలి తాకేది పైపై నీళ్ళనే కదా, మూడు కిలోమీటర్ల లోతున ఉన్న నీళ్ళకు వారం తిరక్కముందే ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? నీ యంత్రమే చెడిపోయిందేమో చూసుకో, అని. శ్వేత దగ్గర జవాబు ఉంది, నాలుగు పేజీల లెక్కల్లో. నోరు తెరిచి "గదేంది సార్, గిట్ల..." అనగానే పక్క తెరలో ఎవరో ఆ యాసకు మూతి బిగబట్టుకుని నవ్వారు. అంతే, పిల్ల నోరు మూతపడింది. లెక్కలు లెక్కల్లోనే ఉండిపోయాయి.

"సోమవారం పదకొండింటికి మల్ల మీటింగ్. ఇప్పుడు కూడా చెప్పలేకపోతే చదువుకు మిగిలిన రెండేండ్లు ఇయ్యరు పెద్దమ్మా. యంత్రాలు వేరేటోళ్ళకు ఇస్తరు. నేను వట్టిగ ఇంటికొచ్చుడే."

సరిగ్గా అప్పుడే రమాకాంత్ సేటు వచ్చాడు. మా యార్డులో వడ్లు కొనే వ్యాపారి. మంచివాడే, కానీ తెలియని సంగతంటూ లేదు ఆయనకు. పొద్దున పేపరు చివరి అక్షరం దాకా చదువుతాడు, సాయంత్రం దాన్ని అందరికీ అప్పజెప్తాడు. మర్నాటి కుప్పకు లచ్చవ్వను పిలవడానికి వచ్చి, మా మాటలు విని గుమ్మంలోనే ఆగాడు.

"గాలితోని అడుగు నీళ్ళు కదుల్తయా? నీకు ఎవరు చెప్పిన్రు బిడ్డా? నేను టీవీల చూసిన. మంచు దేశాల కాడ నీళ్ళు సల్లగైతయ్, ఉప్పు ఎక్కువైతది, బరువై మునుగుతయ్. గట్ల మునిగిన నీళ్ళే అడుగున నడుస్తయ్. గాలికేం పని అండ్ల?"

"అది నిజమే సేటూ" అంది శ్వేత, గొంతు తగ్గించి. "కని అది శానా నిదానం. వందల ఏండ్ల లెక్క. వారం వారం ఎగుడు దిగుడు మాత్రం..."

"టీవీల గాలి మాట లేనేలేదు."

అప్పటిదాకా లచ్చవ్వ అరుగు మీద కూర్చుని చాటకు పేడ అలుకుతూ ఉంది, చాట సందులు మూసుకుపోవడానికి. తల ఎత్తలేదు. "సేటూ" అంది, "గాలి ముచ్చట నాకు చెప్తున్నవా?"

"నీకు కాదు లచ్చవ్వా, సముద్రం ముచ్చట."

"సముద్రం మీద కొట్టేది గాలి కాకుంటే ఏంది, నీ టీవీయా?"

మాటకు మాట పెరిగి పందెం పడింది. గాలి అడుగు నీళ్ళను కదిలించినట్టు కళ్ళకు చూపిస్తే సేటు యార్డులో అందరి ముందు ఒక కుప్ప మొత్తం తన చేత్తో చాట పట్టాలి. చూపించలేకపోతే లచ్చవ్వ కుప్ప మీద నిలబడి "సేటుకు అన్నీ ఎరుకే" అని మూడుసార్లు కేక వేయాలి. రెండోది లచ్చవ్వకు ప్రాణసంకటం. నాకు తెలుసు.

శ్వేతకు మాత్రం పందెం వినగానే ఏదో తట్టింది. కళ్ళకు చూపిస్తే, నోరు తెరవాల్సిన పని తగ్గుతుంది కదా! పొడుగాటి తొట్టి కావాలంది. అడుగున రంగు వేసిన ఉప్పునీళ్ళు, పైన మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు బరువు కాబట్టి కిందే ఉంటాయి. అదే సముద్రం. గాలికి యార్డు ఫ్యాను.

మా వాడకట్టులో పొడుగాటి తొట్టి ఒక్కటే ఉంది, కమలాబాయి బర్రెది. కమలాబాయి గూడూరు దిక్కు తండా నుంచి వచ్చి స్థిరపడి, పాలు పోస్తూ బతుకుతుంది. ఏడడుగుల సిమెంటు తొట్టి, లోపల సున్నం వేసి తెల్లగా ఉంటుంది. అడగ్గానే ఇచ్చింది.

"తొట్టి ఇస్త. మా బర్రె మాత్రం అలుగుతది, ఆ పూచీ నాది కాదు" అంది.

శుక్రవారం మొదటి సముద్రం తయారైంది. శ్వేత మంచినీళ్ళు నింపి, మిఠాయి రంగు కలిపిన ఉప్పునీళ్ళను బకెట్‌తో నెమ్మదిగానే పోసింది. నెమ్మదిగానే అంతా కలిసిపోయింది. తొట్టి నిండా షర్బత్! సేటు తొంగి చూసి, "ఐసుముక్క ఉంటే వేస్కొని తాగొచ్చు" అన్నాడు.

శనివారం లచ్చవ్వ ముందుకొచ్చింది. "పోసుడు నా పని గదా, నువ్వెందుకు పోస్తవ్?" అంది మనవరాలితో. గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను తొట్టి అడుగున రాయి కింద పెట్టించింది. తానే చెంబుతో గరాటులోకి ధార కట్టింది. చాటలోంచి వడ్లు వదిలినట్టే, సన్నగా, తెగకుండా. అరగంట పట్టింది. ఆ అరగంట నేను కూడా ఊపిరి సగమే పీల్చాను. చూస్తే అడుగున ఎర్రటి పొర, పైన నాలుగు వేళ్ళ మందాన తేట నీరు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత! పిల్ల చప్పట్లు కొట్టింది.

తొట్టి ఒక కొసన ఫ్యాను పెట్టారు. పైన అలలు లేచాయి. అడుగున ఎరుపు ఉలకలేదు, పలకలేదు. పది నిమిషాలు చూశాం. సేటు మీసం దువ్వుకున్నాడు.

"లచ్చవ్వా, గొంతు సవరించుకో. మూడుసార్లు అనాలె."

ఆ సాయంత్రం లచ్చవ్వ అన్నం సరిగా తినలేదు. గోడ మీంచి నేను అడగకుండానే చెప్పింది: "ఎంత ఉప్పు ఏసినవే అని అడిగిన పిల్లను. రెండు కిలోలట అక్కా! పచ్చి వడ్లు ఫ్యాను ముందు పోసినట్టుంది గది. అంత బరువైతే గాలికి లొంగుతదా? ఎండబెట్టిన వడ్ల లెక్క ఉండాలె. బరువు ఉండాలె, మొండితనం ఉండొద్దు."

ఆదివారం మూడో సముద్రం. ఉప్పు నాలుగు గుప్పెళ్ళే. శ్వేత ఏదో లెక్క కట్టి, నాయినమ్మ చెప్పింది సరిగ్గా ఉందని ఆశ్చర్యపోయింది. ధార లచ్చవ్వదే. వీడియో తీసే పని సేటు తానే మీదేసుకున్నాడు, "నా ఫోను కొత్తది, నాకే సాక్ష్యం ఉంటది" అంటూ. ఫ్యాను వేశారు.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఫ్యాను కింద, ఈ కొసన, తేట నీరు గులాబీ రంగుకు తిరిగింది. మెల్లగా ముదిరింది. ఎరుపు అడుగు నుంచి పైకి ఎక్కుతోంది! ఆ కొసన చూస్తే తేట నీరు అడుగుదాకా దిగి, తెల్లటి సున్నం కనబడుతోంది. పై నీళ్ళు అటు పోయి గోడకు గుమిగూడాయి, వాటి బరువుకు కింది నీళ్ళు జారి ఇటు వచ్చి పైకి లేచాయి. గాలి తాకింది పైన, కదిలింది అడుగున.

లచ్చవ్వ చేతులు కడుక్కుంటూ అంది: "బరువుది ఫ్యాను కాడికి, తేలికది దూరం. గిదేం కొత్త? నలభై ఏండ్ల సంది చూస్తున్న."

సేటు ఫోను పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. తేరుకుని, "దీన్ల ఇంకేదో ఉన్నది, రేపు మాట్లాడుదాం" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఫ్యాను ఆపేశారు. సోమవారం మీటింగ్‌లో ఆ వీడియో చూపిస్తే చాలనుకుని శ్వేత చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి సేటు వీడియో పంపాడు. శ్వేత తెరిచింది. నేను గోడ మీంచి చూశాను. మొదటి నుంచి చివరి దాకా సేటు ముఖమే! ఫోను ముందు వైపు కెమెరా నొక్కాడు మహానుభావుడు. ఏడు నిమిషాల సేపు ముక్కురంధ్రాలు, మీసం, మెల్లమెల్లగా పైకి లేచే కనుబొమ్మలు. సముద్రం చుక్క కూడా లేదు.

"పర్వాలేదు, తొట్టి అట్లనే ఉంది గదా, మీటింగ్‌లనే చూపిస్త" అని పిల్ల పరుగెత్తింది. వెనకే నేనూ.

తొట్టి ఖాళీ. అడుగున తడి తవుడు. పక్కన కమలాబాయి బర్రె మూతి ఎర్రగా, తాంబూలం వేసుకున్న పెళ్ళిపెద్దలాగా నెమరు వేస్తూ నిలబడి ఉంది.

"కమలా, ఏం పని చేసినవే!" అన్నాను.

"నేనేం జేసిన అక్కా?" ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "ఫ్యాను బందైంది గదా నిన్న! మిగిలింది తొట్టి గల్లోళ్ళది గాదా? జర తవుడు కలిపిన. ఉప్పగ ఉన్నదని మా బర్రె ఎంత కుశీగ తాగిందో!"

ఆమె మాటలో తప్పు లేదు. నా గంగాళం పులిహోరను ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకోలేదు నేను! శ్వేత తొట్టి అంచు మీద కూర్చుండిపోయింది. "అయిపోయింది పెద్దమ్మా" అంది. బర్రె ఆమె భుజాన్ని నాకింది, ఇంకా ఉప్పు దొరుకుతుందేమోనని.

"నువ్వు నీళ్ళు నింపు. నాలుగిండ్ల ఉప్పు కమల తెస్తది. మీ నాయినమ్మను నేను తెస్త" అని ఆటో ఎక్కాను. పోతూ పోతూ శ్వేత ఫోను చేతిలో పట్టుకున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

యార్డులో చూస్తే పడమట మబ్బు పట్టి ఉంది. సోమవారం, కుప్పల మీద కుప్పలు. లచ్చవ్వ సేటు కుప్ప మీదే ఉంది. వాన పడేలోపు తూర్పారబట్టి బస్తాలకెత్తాలి. విషయం చెప్పాను. ఆమె చాట దించింది, కానీ కుప్ప దిగలేదు.

"సగం కుప్ప ఇడిసి ఎట్ల వస్త అక్కా? వాన తాకితే మొలకలొస్తయ్. ఇన్నేండ్లల్ల నేను సగం కుప్ప ఇడువలే."

సేటు గబగబా వచ్చాడు. "ఔ, ఎట్ల వస్తది? నా కుప్ప ఏం గావాలె?"

"నీ కుప్ప నువ్వే పట్టు సేటూ" అన్నాను. "పందెం ఓడినవ్ గదా."

"నేను ఓడిన్నని ఎవరన్నరు? నేను ఒప్పుకోలే. సాక్ష్యం ఏది?"

ఇందుకే ఫోను తెచ్చింది. చప్పుడు పెంచి పైకెత్తి పట్టాను. చాట ఆడవాళ్ళు పదిహేను మంది చుట్టూ చేరారు. తెరనిండా సేటు ముఖం. మొదట్లో మీసం కింద చిరునవ్వు. మూడో నిమిషంలో కళ్ళు పెద్దవయ్యాయి. నాలుగో నిమిషంలో కనుబొమ్మలు టోపీలోకి వెళ్ళిపోయాయి. అప్పుడు వినబడింది ఆయన గొంతే, గుసగుసగా: "అరెరే! ఎరుపు పైకొస్తాంది! గాలికి అడుగు లేస్తాందిరా బాబూ! లచ్చవ్వ గెలిచింది!"

యార్డు యార్డంతా గొల్లుమని నవ్వింది. సేటు తన ముఖాన్ని తానే చాలాసేపు చూసుకున్నాడు. ఆయన మంచివాడని ముందే చెప్పాను. చొక్కా చేతులు పైకి మడిచి, చెయ్యి చాపాడు.

"చాట ఇయ్యి లచ్చవ్వా. ఎట్ల పట్టాలె?"

"ముందు గాలి ఎటుందో చూస్కో" అని చాట ఆయన చేతుల్లో పెట్టి ఆమె ఆటో ఎక్కింది.

కమలాబాయి ఇంటికి చేరేసరికి పది దాటింది. నీళ్ళలో ఉప్పూ రంగూ కలిపి ఉన్నాయి, తొట్టిలో మంచినీళ్ళు నిండి ఉన్నాయి. లచ్చవ్వ కాళ్ళు కూడా కడుక్కోలేదు, చెంబు అందుకుంది. అరగంట పని. బయట పందిరికి కట్టేసిన బర్రె అరుస్తోంది. కమలాబాయి దాని మూతికి అడ్డంగా నిలబడింది. ధార మాత్రం తెగలేదు. పది యాభై ఐదుకు గీత కుదిరింది.

పదకొండింటికి తెరలు వెలిగాయి. తెల్లగడ్డం పెద్దాయన మొదటి మాటే అదే ప్రశ్న. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నది ఇంగ్లీషు, శ్వేత తర్వాత చెప్తే నాకు తెలిసింది. శ్వేతతో మాత్రం ఆయన తెలుగులోనే మాట్లాడాడు.

శ్వేత నోరు తెరిచింది. "గదేంది సార్..." అంది. ఆగింది. పక్క తెరలో ఎవరి మూతో కదిలింది.

లచ్చవ్వ ఫ్యాను మీట మీద చెయ్యి వేసి, "చెప్పు బిడ్డా, నీ గాలి నా చేతిల ఉన్నది" అంది మామూలు గొంతుతో, పాలు పొంగుతున్నాయి చూడు అన్నట్టు.

"గదేంది సార్ అంటే" అంది పిల్ల మళ్ళీ, ఈసారి ఆగకుండా, "మీరు చూస్తనే ఉండున్రి."

ఫోను తొట్టి మీదికి వంచింది. ఫ్యాను తిరిగింది. నిమిషానికి ఈ కొసన ఎరుపు లేచింది. ఆ కొసన సున్నం తెల్లబడింది. శ్వేత మాట్లాడుతూనే ఉంది. పై నీళ్ళు ఎంత అటు పోతే కింద అంత ఇటు రావాల్సిందే, ఎందుకంటే సముద్రానికీ గట్టు ఉంది. పైన ఉన్న నీళ్ళు స్వయంగా మూడు కిలోమీటర్లు కిందికి దిగి కబురు చెప్పనక్కర్లేదు. "మా మార్కెట్ల బస్తాలు వరుసగా ఆనించి పెడ్తరు సార్. ఈ కొసన నెడితే ఆ కొస బస్తా అప్పుడే కదుల్తది. ఈ బస్తా ఆడిదాకా నడిచిపోదు గదా! పొయ్యేది నెట్టుడు. నీళ్ళల్ల గూడ అంతే. చల్లబడి మునుగుడు కూడా నిజమే, అది పెద్ద చక్రం, నిదానంగ తిరుగుతది. వారం వారం దాన్ని ఇటు అటు ఊపేది గాలి. నా యంత్రం చెడిపోలేదు సార్. దానికి గాలి తాకింది."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నీ తొట్టి తిరగదు. భూమి తిరుగుతుంది. దాని మాటేమిటి?" అని అడిగాడు. తంటా వచ్చింది అనుకున్నాను. పిల్ల తడుముకోలేదు.

"ఔ సార్, తొట్టిల గది దొరకది. భూమి తిరుగుతది కాబట్టి గాలి ఒక దిక్కు కొడితే పై నీళ్ళు సక్కగ పోవు, పక్కకు జరుగుతయ్. భూమికి పై సగంల కుడికి, కింది సగంల ఎడమకు. గా లెక్క మూడో పేజీల ఉన్నది." అంటూ ఆ నాలుగు పేజీలు తెర మీదికి తెచ్చింది. ఇక ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆ గిట్ల, గట్లలు దారిపొడవునా రాలుతూనే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా పిల్ల చూసేది కాదు.

చివర్లో పెద్దాయన ఫ్యాను ఆపమన్నాడు. లచ్చవ్వ ఆపింది. ఎరుపు ఈ కొసన దిగింది, ఆ కొసన కొంచెం లేచింది, మళ్ళీ ఇటు వచ్చింది. ఊగి ఊగి సద్దుమణిగింది. "నీ గీతలా ఉంది" అని నవ్వాడాయన. "ఆ ఫ్యాను దగ్గరున్నది ఎవరు?"

"మా నాయినమ్మ సార్."

"ఆమె ఏం చేస్తుంటారు?"

"గాలి పని సార్. నలభై రెండేండ్ల అనుభవం."

"ఇంకోసారి ఫ్యాను వేయమను, సరిగ్గా చూడలేదు" అన్నాడు పెద్దాయన. లచ్చవ్వ వేసింది. పక్కన తవుడు బకెట్ పట్టుకుని కమలాబాయి రెండు సార్లు ముందుకొచ్చి, రెండు సార్లు వెనక్కి పోయింది. "బందైందని వస్తిని, మల్ల పెట్టిరి" అని గొణిగింది.

సాయంత్రం నాలుగింటికి శ్వేత ఫోనులో ఉత్తరం వచ్చింది. రెండేళ్ళు ఇచ్చారు. యంత్రాలు కూడా శ్వేతవే. పిల్ల గోడ దూకి వచ్చి నన్ను వాటేసుకుంది. లచ్చవ్వకు చెబుదామంటే ఆమె ఇంట్లో లేదు. మీటింగ్ అయిన మరుక్షణమే యార్డుకు వెళ్ళిపోయింది, సగం కుప్ప వదిలి వచ్చింది కదా.

అక్కడ చూసినవాళ్ళు చెప్పారు. సేటు రెండు గంటలు నిజాయితీగానే చాట పట్టాడట. కానీ గాలి ఎటుందో చూసుకోలేదు. తాలంతా ఆయన మీసంలో, జేబుల్లో, బనీనులో. గింజా తాలూ కలిసి కుప్ప మొదటికంటే అన్యాయంగా తయారైంది. వాన మాత్రం దయ తలచి పక్క మండలంలో పడింది. లచ్చవ్వ కుప్పను చుట్టూ తిరిగి చూసి, మళ్ళీ మొదటినుంచి తూర్పారబట్టింది.

మర్నాడు పొద్దున నేను కమలాబాయి దగ్గర అరలీటరు ఎక్కువ పాలు పోయించుకుని, బర్రె తాగిన ఎరుపు అందులోకి దిగిందేమోనని గ్లాసులో పోసి, ఎండలో పెట్టి చూశాను. తెల్లగానే ఉన్నాయి. చూడకుండా ఉంటే ఆ ఆదుర్దా నన్ను తినేసేది.

శ్వేత వెళ్ళిపోయింది. లచ్చవ్వ మామూలుగానే ఆరింటికి చాట పట్టుకుని పోతుంది. ఒక్కటే మారింది. ఇప్పుడు యార్డులో రమాకాంత్ సేటు కూడా ఒక చెవి కప్పుకుని తిరుగుతాడు, రుమాలుతో. చాట ఆడవాళ్ళు ముందు ఆయన చెవి చూస్తారు, తర్వాత లచ్చవ్వ చెవి చూస్తారు. ఆయన చెవి ఎప్పుడూ తప్పే కాబట్టి, రెండూ ఒకటే అయితే మాత్రం గాలి ఎటుందో తామే స్వయంగా చూసుకుంటారు.